పట్టికలో లేని గడి: మైక్రోకంట్రోలర్ బోర్డుల ఎంపికపై విమర్శనాత్మక పరిశీలన

దీనికి ముందు పాఠంలో మీరు ఒక పట్టిక చూశారు. ఎడమ పక్క ఆర్డుయినో ఊనో, ఈఎస్పీ32, రాస్ప్‌బెరీ పై పికో అనే మూడు బోర్డుల పేర్లు. పైవరుసలో వేగం, మెమరీ, పిన్నుల సంఖ్య, అనలాగ్ బిట్లు, వై-ఫై ఉందా లేదా, ధర. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఈ పట్టిక చూసి బోర్డు ఎంచుకోండి అని కింద ఒక వాక్యం కూడా ఉంది. ఆ పట్టికా, ఆ వాక్యమూ రెండూ నేను రాసినవే. కౌన్సెలింగ్ తరగతుల్లో కొన్నేళ్లపాటు జిరాక్సు తీసి పంచాను. అందులోని అంకెల్లో తప్పు లేదు. తప్పు కింది వాక్యంలో ఉంది. ఆ సంగతి నాకు హుకుంపేటలో తెలిసింది.

హుకుంపేట అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం. పాడేరు, అరకుల లాగే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టూ కాఫీ, మిరియాల తోటలు. ఈ ప్రాంతపు కాఫీకి అరకు వ్యాలీ అరబికా పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పండ్లు కోసి, పప్పు తీసి, కడిగి, గింజను కళ్లంలో ఆరబెడతారు. తేమ 10 శాతం దగ్గరకు వచ్చేదాకా రోజూ తిరగేయాలి. సాయంత్రం కాగానే టార్పాలిన్ కప్పాలి, లేకపోతే పగలంతా ఆరిన గింజ రాత్రి మంచుకు మళ్లీ తడి పీల్చుకుంటుంది. ఎప్పుడు కప్పాలి, ఉదయం ఎప్పుడు తీయాలి అనేది అక్కడి రైతుకు ఒంటికే తెలుస్తుంది. మా విద్యార్థిని ఒకమ్మాయి, కాఫీ రైతు బిడ్డ, ఈ తెలివిని అంకెల్లో పట్టాలనుకుంది. కళ్లం దగ్గర ఉష్ణోగ్రత, గాలిలో తేమ రాత్రంతా నమోదు చేసి, మంచు ఎప్పుడు పడుతుందో ముందే చెప్పగలమా అన్నది ఆమె ప్రాజెక్టు. మంచి ప్రశ్న. నేను ఒప్పుకున్నాను.

బోర్డు ఎంపికకు ఆమె నా పట్టికే చూసింది. ఊనో వేగం 16 మెగాహెర్ట్జ్, ఈఎస్పీ32 వేగం 240. ఊనోకి అనలాగ్ 10 బిట్లు, ఈఎస్పీ32కి 12. ఊనోలో వై-ఫై లేదు, దానిలో ఉంది. ధర దాదాపు సమానం. మీరైనా అదే కొంటారు, నేనైనా అదే కొంటాను. ఉష్ణోగ్రతకు ఎల్‌ఎమ్35 సెన్సరు తీసుకుంది. పాఠంలో ఉన్నది అదే కదా.

జనవరిలో ఫోను వచ్చింది. "సార్, రాత్రి ఎంత చలిగా ఉన్నా పద్నాలుగు దగ్గర ఆగిపోతోంది. మా నాన్న ఈ అంకెని నమ్మట్లేదు." సెన్సరు పోయిందేమో మార్చి చూడమన్నాను. మార్చింది. మళ్లీ పద్నాలుగే. వైర్లు చూడమన్నాను, ప్రోగ్రాము పంపమన్నాను. అన్నీ సరిగానే ఉన్నాయి. పగలు ఇరవై రెండు, ఇరవై అయిదు చక్కగా చూపిస్తోంది. చీకటి పడ్డాక దిగుతూ వచ్చి పద్నాలుగు దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగుతోంది. చివరికి పాడేరు వెళ్లే పని ఒకటి పడితే అక్కడికీ వెళ్లాను. తెల్లవారుజామున కళ్లం దగ్గర నిలబడితే నోటి నుంచి ఆవిరి వస్తోంది. తెర మీద 14.2. ఆమె తండ్రి నన్నేమీ అనలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని తెర వైపు, నా వైపు చూసి, "ఇది మీ విశాఖపట్నం చలి మాస్టారూ" అన్నాడంతే.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, ఎందుకంటే తప్పు లెక్కలోనే దాక్కుని ఉంది. ఎల్‌ఎమ్35 ప్రతి డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 25 డిగ్రీలకు 250 మిల్లీవోల్టులు, 7 డిగ్రీలకు 70. ఈఎస్పీ32లో అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం 12 బిట్లది, అంటే 4096 మెట్లు. ఊనోలో 1024 మెట్లే. మెట్లు ఎక్కువ ఉంటే కొలత సూక్ష్మంగా ఉంటుందని మనం పాఠంలో చెప్పుకున్నాం. కానీ ఈఎస్పీ32 తయారీదారుల పత్రంలో ఇంకో మాట కూడా రాసి ఉంది. మామూలుగా వాడే అమరికలో ఆ భాగం 150 నుంచి 2450 మిల్లీవోల్టుల మధ్యనే నమ్మదగినట్టు కొలుస్తుంది. అంతకన్నా తక్కువ వోల్టేజీ వస్తే లోపలి అంకె సున్నా అయిపోతుంది. ఆ సున్నాను మిల్లీవోల్టుల్లోకి మార్చే ఫంక్షను, తన దగ్గరున్న సర్దుబాటు ప్రకారం 140 చిల్లర అని చెబుతుంది. అమ్మాయి బోర్డు చెప్పినది 142. పదితో భాగిస్తే 14.2 డిగ్రీలు. మెట్లు చిన్నవే, నిజం. కానీ మొదటి మెట్టు నేలకు జానెడు ఎత్తున ఉంది. హుకుంపేట జనవరి రాత్రి ఆ మెట్టు కింద ఉండిపోయింది. సున్నా డెసిబెల్ అమరికకు మార్చుకుంటే కొలత 100 మిల్లీవోల్టుల నుంచి మొదలవుతుంది. అంటే 10 డిగ్రీలు. అదీ చాలదు.

దీనిలో తయారీదారు దాచిపెట్టినది ఏమీ లేదు, వాళ్ల పత్రంలో ఉంది. నా పట్టికలో లేదు. '12 బిట్లు' అని రాసిన గడిలో '150 మిల్లీవోల్టుల పైన మాత్రమే' అని రాయడానికి చోటు లేదు. రాసి ఉంటే విశాఖపట్నంలో ప్రాజెక్టు చేసే విద్యార్థికి అది అక్కరలేని మాటగా కనిపించేది. సముద్రతీరంలో రాత్రి ఉష్ణోగ్రత ఆ మెట్టు దాకా దిగే రోజు అరుదు. అదే బోర్డు, అదే సెన్సరు, అదే ప్రోగ్రాము ఒక ఊళ్లో నిజం చెప్పి ఇంకో ఊళ్లో అబద్ధం చెబుతాయి. బోర్డుల పోలికలు రాసేవాళ్లం, పత్రికల్లోనైనా పాఠ్యపుస్తకాల్లోనైనా, ఈ ఒక్క విషయం దాటవేస్తాం. బల్ల మీద ఉన్న బోర్డును బల్ల మీద ఉన్న ఇంకో బోర్డుతో పోలుస్తాం. అది వెళ్లి నిలబడబోయే చోటుకు పట్టికలో గడి ఉండదు.

ఆ అబద్ధం ఎంత దూరం పోతుందో చూడండి. మంచు బిందువు అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. తేమ 50 శాతం కన్నా ఎక్కువగా ఉన్నప్పుడు దానికి ఒక సులువైన ఉజ్జాయింపు ఉంది. నూటి నుంచి తేమ శాతాన్ని తీసివేసి, అయిదుతో భాగించి, ఆ ఫలితాన్ని ఉష్ణోగ్రత నుంచి తీసివేయాలి. నిజంగా 7 డిగ్రీలు, తేమ 90 శాతం అయితే మంచు బిందువు 5. బోర్డు మాట నమ్మి 14.2 వేస్తే 12.2. ఏడు డిగ్రీలకు పైగా తేడా. ఈ అంకెను నమ్మి టార్పాలిన్ తీయాలో ఉంచాలో తేల్చుకుంటే పాడయ్యేది ప్రాజెక్టు మార్కులు కాదు, ఏడాది పంట.

తేమ సెన్సరు సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ప్రారంభకుల కిట్లలో నీలిరంగు పెట్టెలో వచ్చే డీహెచ్‌టీ11 తేమను సుమారు 20 నుంచి 90 శాతం వరకే కొలుస్తుంది. ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీల తేడా మామూలు. పొగమంచు దిగిన కొండలో తేమ 90 దాటుతుంది. తెల్లరంగులో వచ్చే డీహెచ్‌టీ22 వంద శాతం దాకా, సున్నా కింద డిగ్రీల దాకా కొలుస్తుంది. ధర ఎక్కువే. అయినా ఈ పనికి మొదటిది కొనడం డబ్బు ఆదా కాదు.

ఇప్పుడు ఊనో దగ్గరకు వద్దాం. దీన్ని పాతబడిందని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువయ్యారు. దీని పుట్టుక తెలిస్తే దీని గుణదోషాలు రెండూ అర్థమవుతాయి. 2003లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఇంటరాక్షన్ డిజైన్ విద్యాసంస్థలో, కొలంబియా దేశస్థుడైన హెర్నాండో బర్రగాన్ తన పట్టా సిద్ధాంత వ్యాసంగా వైరింగ్ అనే బోర్డును, దానికి సులువైన ప్రోగ్రామింగ్ పద్ధతిని తయారుచేశాడు. ఆ పునాది మీద 2005లో అక్కడే ఆర్డుయినో వచ్చింది. పేరు ఆ ఊళ్లో ఒక బారుది. ఆ బారుకేమో పదకొండో శతాబ్దపు ఇటలీ రాజు, ఇవ్రేయాకు చెందిన ఆర్డుయిన్ పేరు పెట్టారు. ఊనో 2010లో వచ్చింది, ఇటాలియన్ భాషలో ఆ మాటకు ఒకటి అని అర్థం. బర్రగాన్ పేరు చాలా పుస్తకాల్లో కనిపించదు. మీరు పరీక్షలో ఆర్డుయినో చరిత్ర రాయాల్సి వస్తే ఆ పేరు రాయండి. మూల్యాంకనం చేసే వాళ్లకి తెలియకపోతే తెలుసుకుంటారు.

అసలు సంగతి, ఈ బోర్డును ఇంజినీర్ల కోసం చేయలేదు, రూపకల్పన చదివే విద్యార్థుల కోసం చేశారు. తప్పు చేసినా తట్టుకోవాలి, తప్పు ఎక్కడో కనిపించాలి. అందుకే 5 వోల్టులు, అందుకే దూరంగా ఉన్న పెద్ద పిన్నులు. సాకెట్‌లో కూర్చున్న 28 కాళ్ల ఎటీమెగా328పీ చిప్పు కూడా అందుకే. మా అమ్మాయి సమస్యకు ఊనో దగ్గర ఒక జవాబు ఉంది. ఊనో మామూలుగా 5 వోల్టులను 1024 మెట్లు చేస్తుంది, ఒక మెట్టు 4.88 మిల్లీవోల్టులు, అంటే దాదాపు అర డిగ్రీ. ప్రోగ్రాములో ఒక్క వాక్యం రాసి లోపలున్న 1.1 వోల్టుల ప్రమాణానికి మార్చుకుంటే ఒక మెట్టు 1.07 మిల్లీవోల్టులు, డిగ్రీలో పదో వంతు. మెట్లు నేల నుంచే మొదలవుతాయి. 10 బిట్ల బోర్డు ఈ సెన్సరుతో ఈ చలిలో 12 బిట్ల బోర్డు కన్నా బాగా కొలుస్తుంది. నా పట్టిక దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పింది.

మెమరీ విషయంలోనూ పట్టిక భయపెడుతుంది. ఊనోలో పని మెమరీ 2 కిలోబైట్లు, కరెంటు పోయినా నిలిచే ఈఈప్రామ్ 1 కిలోబైటు. ఈఎస్పీ32లో 520 కిలోబైట్లు. వేళాకోళంలా కనిపిస్తుంది కదా. కానీ పది నిమిషాలకు ఒక కొలత, కొలతకు రెండు బైట్లు చొప్పున రోజుకు 144 కొలతలు, 288 బైట్లు. ఆ ఒక్క కిలోబైటులో మూడున్నర రోజుల చలి భద్రంగా పడుతుంది. ఎస్‌డీ కార్డు కూడా అక్కరలేదు. మనకు ఎంత కావాలో లెక్కించకుండా ఎంత ఉందో చూసి మురిసిపోవడం మన అలవాటు, నా పట్టిక ఆ అలవాటును పెంచింది.

ఇలా చెబుతున్నానని ఊనోను భుజాన వేసుకోకండి. దాని దోషం విద్యుత్తు. బోర్డు మీది దీపం, యూఎస్‌బీ చిప్పు, వోల్టేజీ తగ్గించే రెగ్యులేటరు అన్నీ కలిసి ఏ పనీ చేయకుండానే 50 మిల్లీఆంపియర్ల దాకా తాగుతాయి. రిమోటు కారుల్లో వేసే 9 వోల్టుల చిన్న బ్యాటరీలో సుమారు 500 మిల్లీఆంపియర్-అవర్లు ఉంటాయి. అంటే పది గంటలు. సాయంత్రం ఏడింటికి పెడితే తెల్లవారి అయిదింటికి, సరిగ్గా చలి ముదిరే వేళకు, ప్రాణం వదులుతుంది. అదే చిప్పును సాకెట్ నుంచి తీసి బ్రెడ్‌బోర్డు మీద పెట్టి, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టలు, రెండు 22 పికోఫారడ్ల కెపాసిటర్లు, రీసెట్ కాలికి 10 కిలోఓముల రెసిస్టరు కలిపితే ఊనో అక్కరలేదు. మధ్యమధ్య నిద్రపుచ్చితే కొలతకూ కొలతకూ మధ్య కొన్ని మైక్రోఆంపియర్లతో బతుకుతుంది. బోర్డు నుంచి చిప్పుకు దిగే ఈ దారి మిగతా రెండింటిలో ఇంత తేలికగా లేదు. చదువుకునేవాళ్లకు ఊనో ఇచ్చే పెద్ద వరం ఇదేనని నా అభిప్రాయం. కొనేటప్పుడు మాత్రం చూసుకోండి. చిప్పును నేరుగా అతికించిన రకం కూడా అదే పేరుతో అమ్ముతారు, దాన్ని తీయలేరు. 2023లో వచ్చిన ఊనో ఆర్4లో చిప్పే వేరు, అందులోనూ సాకెట్ లేదు.

విద్యుత్తు లెక్కలో ఈఎస్పీ32 అమ్మకపు మాట ఇంకా జాగ్రత్తగా చదవాలి. గాఢ నిద్రలో 10 మైక్రోఆంపియర్లు అని ఉంటుంది. అది చిప్పుకు నిజం. మీరు కొనేది చిప్పు కాదు, బోర్డు. దాని మీద యూఎస్‌బీ చిప్పు, ఎర్రదీపం, చాలా వాటిలో 1117 రకం రెగ్యులేటరు ఉంటాయి. ఆ రెగ్యులేటరు ఒక్కటే ఊరికే 5 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుంటుంది. 2500 మిల్లీఆంపియర్-అవర్ల లిథియం సెల్లు 10 మైక్రోఆంపియర్ల లెక్కన 28 ఏళ్లు రావాలి. 5 మిల్లీఆంపియర్ల లెక్కన 500 గంటలు, మూడు వారాలు కూడా కాదు. వై-ఫై పంపేటప్పుడు 200 మిల్లీఆంపియర్లు దాటే దూకుళ్లు వేరే ఉన్నాయి. సన్నని వైరు, నీరసించిన సెల్లు అయితే బోర్డు ఆ క్షణంలో ఆగి మళ్లీ మొదలవుతుంది. ప్రోగ్రాములో తప్పుందని విద్యార్థి రాత్రంతా వెతుకుతాడు. గాలివానకు చెట్టు పడి లైను తెగితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేని ఊళ్లో ఈ లెక్క ముందు చేసుకోవాలి, తర్వాత కాదు.

వై-ఫై గడి గురించి నా మీద నాకే ఎక్కువ కోపం. 'ఉంది' అని ఒక్క మాట రాశాను. కళ్లం దగ్గర రౌటరు ఎక్కడిది? ఫోను హాట్‌స్పాట్ ఇస్తామంటే రాత్రంతా ఫోను అక్కడ వదలాలి. పైగా ఈఎస్పీ32 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే పడుతుంది, ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే దాని కళ్లకు కనబడదు. ఈ చిన్న విషయం తెలియక బోర్డు పాడైందని తిప్పి పంపినవాళ్లను చూశాను. అయితే నిజాయతీగా రెండో పక్క కూడా చెప్పాలి. ఈఎస్పీ32 ఎవరి వై-ఫైనీ అడగకుండా తానే ఒక చిన్న హాట్‌స్పాట్ కాగలదు. ఇంటర్నెట్ లేకపోయినా, సిగ్నల్ లేకపోయినా ఉదయం ఫోనుతో దగ్గరకు వెళ్లి కలుపుకుంటే రాత్రి కొలతలన్నీ ఫోను తెర మీదకు వస్తాయి. ఆ కొండల్లో దాని అసలు విలువ ఇది. ఒకటే లోటు, ఇంటర్నెట్ లేనప్పుడు దానికి టైము తెలియదు. డీఎస్3231 గడియారం చిప్పున్న చిన్న బోర్డు ఒకటి, దానికి బిళ్ల బ్యాటరీ ఒకటి కలపాలి. ఈ మాట ఏ పోలికలోనూ ఉండదు, ఎందుకంటే రాసేవాళ్ల ఇంట్లో ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుంది.

ఇక దూరవిద్య విద్యార్థులుగా మీకు నేరుగా తగిలే విషయం. బోర్డు ధర దుకాణంలోనే అయిపోదు. ఈఎస్పీ32కు ప్రోగ్రాము రాయాలంటే ఆర్డుయినో సాఫ్ట్‌వేరు మీద దాని ప్యాకేజీ వేసుకోవాలి, అది వందల మెగాబైట్లు. మధ్యలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటికి. ఊనోకు కావలసినది అందులో చిన్న ముక్క. పాత 1.8 రకం సాఫ్ట్‌వేరులో అయితే అది మొదటి నుంచే కలిసి ఉంటుంది. స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఇంటర్నెట్ లేకుండానే మొదలుపెట్టవచ్చు. నకలు ఊనోలకు సీహెచ్340 డ్రైవరు అడగవచ్చు, అదీ అదే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. నకలు అన్నానని కంగారుపడకండి. ఊనో నమూనా బహిరంగమే, దాన్ని చూసి చేసుకోవడం దొంగతనం కాదు. ఆర్డుయినో పేరు, గుర్తు అచ్చువేసి అసలుదని అమ్మితేనే తప్పు. కంప్యూటరే లేనివాళ్లకు ఆర్డుయినోడ్రాయిడ్ అనే యాప్ ఉంది, ఫోనుకు ఓటీజీ కేబుల్ పెట్టి ఊనోలోకి ప్రోగ్రాము ఎక్కించవచ్చు. తెర చిన్నది, కళ్లు నొప్పి పుడతాయి, కానీ పని జరుగుతుంది.

ఈ పద్దులో గెలిచేది పికో. 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరతో వచ్చింది. ఆర్‌పీ2040 చిప్పు, 133 మెగాహెర్ట్జ్, 264 కిలోబైట్ల పని మెమరీ. దాని మీదున్న గుండీ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెడితే కంప్యూటరులో పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. మైక్రోపైథాన్ ఫైలు ఒకటి అందులో పడేస్తే సరి, ఆ ఫైలు కొన్ని వందల కిలోబైట్లే. డ్రైవరు గొడవ లేదు. పైథాన్ కొంత చదువుకున్న మీకు ఇది హాయిగా ఉంటుంది. కానీ మామూలు పికోకు పిన్నులు అతికించి రావు. టంకం గన్ను లేనివాళ్లు దాన్ని బ్రెడ్‌బోర్డులో గుచ్చలేరు. కొనేటప్పుడు పిన్నులతో వచ్చే హెచ్ రకం అడగాలి. వై-ఫై కావాలంటే 2022లో వచ్చిన డబ్ల్యూ రకం. అనలాగ్ పిన్నులు మూడే, అదీ 3.3 వోల్టుల వరకే.

ఆ 3.3 వోల్టుల మాట దగ్గర ఒక నిమిషం. పికో, ఈఎస్పీ32 రెండూ 3.3 వోల్టుల జాతి. మన దగ్గర దొరికే పాత సెన్సర్లు, రిలేలు ఎక్కువగా 5 వోల్టుల జాతి. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 జవాబు తీగ 5 వోల్టులు ఇస్తుంది, దాన్ని నేరుగా కలిపి తరగతి ముందరే ఒక బోర్డును చంపిన ఘనత నాది. 1 కిలోఓము, 2 కిలోఓముల రెసిస్టర్లు రెండు వరుసగా పెట్టి మధ్య నుంచి తీసుకుంటే 3.33 వోల్టులే వస్తుంది. రెండు రూపాయల పని. ఎల్‌ఎమ్35కేమో తిరుగుడు కష్టం. అది పనిచేయడానికి కనీసం 4 వోల్టులు కావాలి, 3.3 పిన్ను నుంచి ఇస్తే తప్పుడు కొలతలు ఇస్తుంది. మా అమ్మాయి 5 వోల్టుల పిన్ను నుంచే ఇచ్చింది, అక్కడ ఆమె తప్పేమీ చేయలేదు.

మన దేశంలో తయారైన బోర్డు లేదా అని ప్రతి తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. సీ-డాక్ వేగా ప్రాసెసర్ల వరుసలో తేజస్32 చిప్పుతో ఏరీస్ బోర్డులు చేసింది. 100 మెగాహెర్ట్జ్, 256 కిలోబైట్ల మెమరీ, ఆర్డుయినో పద్ధతిలోనే ప్రోగ్రాము రాయవచ్చు. సంతోషమే. అయితే రాత్రి పదింటికి ఒక లోపం తగిలితే, అదే లోపం ముందే తగిలినవాళ్లు ఊనోకు లక్షల్లో ఉన్నారు, దీనికి ఇంకా కొద్దిమందే. ఒంటరిగా ఇంట్లో చదువుకునే మీకు మొదటి బోర్డుగా దీన్ని చెప్పలేను. రెండోదిగా తప్పక చూడండి.

మళ్లీ హుకుంపేటకు. అమ్మాయి ఊనో కొంటానంది. వద్దన్నాను. ఆమె దగ్గర ఈఎస్పీ32 ఉంది, దాని హాట్‌స్పాట్ ఆమెకు కావాలి, ఇంట్లో ఇంకో ఐదారు వందలు తీయడం తేలిక కాదని నాకు తెలుసు. మార్చాల్సింది బోర్డు కాదు, బోర్డుకూ సెన్సరుకూ మధ్య భాష. డీఎస్18బీ20 అనే సెన్సరు ఉష్ణోగ్రతను వోల్టేజీగా కాకుండా అంకెగానే పంపుతుంది. 3 నుంచి 5.5 వోల్టుల దాకా దేనితోనైనా పనిచేస్తుంది. సున్నా కింద 55 డిగ్రీల దాకా కొలుస్తుంది. సున్నా కింద పది నుంచి 85 డిగ్రీల మధ్య తేడా అర డిగ్రీ లోపు. నీళ్లలో ముంచగల గొట్టంలో పెట్టి అమ్మేది వంద రూపాయల దగ్గర దొరుకుతుంది. తీగకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలోఓముల రెసిస్టరు ఒకటి పెట్టాలి, అది మరిచిపోతే ఏమీ రాదు. ఇందులో నకిలీలు చాలా ఉన్నాయి కాబట్టి తెచ్చిన రోజే కరుగుతున్న మంచుముక్కల నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూసుకోమన్నాను. విశాఖపట్నం వెళ్లిరావడం అంటే వాళ్లకు ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ. అందుకే పాడైతే ఉంటుందని రెండు తెప్పించుకోమన్నాను. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ పక్కన ఉండేవాళ్లకు ఈ రెండో సెన్సరు వృథా ఖర్చు. హుకుంపేటలో అది ప్రాజెక్టులో భాగం.

పదిరోజుల తర్వాత ఆమె ఫోటో పంపింది. తెల్లవారి అయిదున్నర, తెర మీద 6.5. ఫోటో మూలలో టార్పాలిన్ అంచు పట్టుకుని ఉన్న ఆమె తండ్రి చెయ్యి కనిపిస్తోంది. తేమ కొలత ఇంకా కుదరలేదని, డీహెచ్‌టీ22 గూడులో నీరు చేరుతోందని కింద రాసింది. ఆ గూడుకు చిల్లులు ఎటు పెట్టాలో ఇప్పుడు మేమిద్దరం కుస్తీ పడుతున్నాం.

మీరు చేయవలసిన పని. ముందు పాఠంలోని పట్టికకు ఎడమ పక్క ఒక గడి గీసి, మీ ప్రాజెక్టు నిలబడబోయే చోట అత్యల్ప, అత్యధిక ఉష్ణోగ్రతలు, విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందో, ఎన్ని గంటలు ఉండదో, పాడైన భాగం దొరికే దగ్గరి ఊరు ఎంత దూరమో రాయండి. తర్వాత మీ దగ్గరున్న బోర్డును పరీక్షించండి. దానికి చలి అక్కరలేదు. 33 కిలోఓముల రెసిస్టరు ఒక కొసను బోర్డు 3.3 వోల్టుల పిన్నుకు, దాని రెండో కొసకు 1 కిలోఓము రెసిస్టరు, ఆ 1 కిలోఓము రెండో కొసను గ్రౌండుకు కలపండి. రెండు రెసిస్టర్లూ కలిసే చోట 97 మిల్లీవోల్టులు ఉంటుంది, ఎల్‌ఎమ్35 భాషలో 9.7 డిగ్రీలు. అక్కడి నుంచి ఒక తీగను అనలాగ్ పిన్నుకు కలిపి, బోర్డు ఏ అంకె చెబుతుందో చూడండి. మల్టీమీటరు ఉంటే దానితోనూ కొలవండి. రెండు అంకెలూ మీ రికార్డు పుస్తకంలో పక్కపక్కన రాసి, తేదీ వేసి, తదుపరి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.